నేను డబ్బాలో వేసిన చీటీలు

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోయాను. యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క తెలీదు. అది ఒక కారణం, ఎవరికైనా చెప్పుకోగలిగిన కారణం. కానీ అక్షరాలు వచ్చాక కూడా మూడేళ్ళు గడిచాయి. కాయితం ముందు కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు. నాకు చదవడం వచ్చిందని నమ్మకం కలిగిన రోజునే, నేను చేసిన పని ఏమిటో కూడా చదివాను. ఆ తర్వాత అక్షరాలంటే భయం పట్టుకుంది. ఇప్పుడు కూడా ఆ భయంతోనే రాస్తున్నాను.

నేను చేపలమ్మిన మనిషిని. పదమూడో ఏట గంప నెత్తికెత్తుకున్నాను. యాభై ఒకటో ఏట మెడ పడిపోయింది. గంప ఎత్తితే కళ్ళు తిరిగేవి. డాక్టరు ఇంక బరువు మొయ్యొద్దన్నాడు. నా దగ్గర వారం వారం కోనాం చేపలు కొనే ఒక పెద్దాయన, "మా షాపులో తుడిచి దులిపే పని ఉందమ్మా, చేస్తావా?" అన్నారు. ఏం షాపని అడిగాను. పుస్తకాల షాపన్నారు. పుస్తకాలకి షాపు ఉంటుందని నాకు తెలుసు గానీ లోపలికి ఎప్పుడూ పోలేదు.

షాపు మా ఊళ్ళో పాతపట్నం వైపు, పోర్టుకి దగ్గర. చిన్నది. ఆయన ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నారు. నేను బాబుగారు అనేదాన్ని. మోకాళ్ళు రెండూ అరిగిపోయి, పొద్దున కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవారు కాదు. వంగడం అసలే కుదరదు. అందుకే కింది అరలన్నీ నా చేతిలో పెట్టారు.

పోర్టు పక్కన ఉండేవాళ్ళకి ధూళి గురించి చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన గుమ్మం మీద సాయంత్రానికి వేలితో గీత గీయొచ్చు. బొగ్గు దించిన రోజు నల్లగా, ఖనిజం ఎత్తిన రోజు ఎర్రగా. మా షాపులో తలుపు పక్కనున్న కింది అర మీద అది ఎక్కువ పడేది. గాలి నేరుగా అక్కడికే కొట్టేది.

పుస్తకం ఎలా దులపాలో నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిన దులపడం ఒకటే. ఎండుచేపని తోక పట్టుకుని ఇసక రాలేదాకా విదిలించడం. పుస్తకాన్ని కూడా అట్టలు రెండూ పట్టుకుని, తల కిందులు చేసి, రెండు దెబ్బలు విదిలించేదాన్ని. మిగతా అరలు వారానికోసారి. తలుపు పక్క అర మాత్రం రోజూ.

ఇక చీటీల సంగతి. బాబుగారికి కంప్యూటరు లేదు. ప్రతి పుస్తకంలో ఒక చిన్న చీటీ పెట్టేవారు, దాని మీద పుస్తకం పేరు రాసి. పుస్తకం అమ్మగానే ఆ చీటీ తీసి బల్ల మీదున్న బిస్కెట్ డబ్బాలో వేసేవారు. సోమవారం పొద్దున్న డబ్బా బోర్లించి, ఏ పేరు చీటీలు ఆ పేరుకి దొంతర పెట్టేవారు. ఏ దొంతర ఎత్తుగా ఉంటే ఆ పుస్తకం ముందు. అలా అయిదు పేర్లు తలుపు దగ్గరున్న నల్లబోర్డు మీద సుద్దతో రాసేవారు. 'ఈ వారం ఎక్కువ అమ్ముడైనవి.' చీటీల లెక్కన తగ్గిపోయిన పుస్తకాలకి కొత్త కట్ట తెప్పించేవారు, వాటిలో కొత్త చీటీలు పెట్టి నాకిచ్చేవారు. నేను అరలో సర్దేదాన్ని.

నేను విదిలిస్తే ఒక్కోసారి చీటీ రాలిపడేది. ఏ పుస్తకంలోదో నాకు తెలీదు. చదవలేని మనిషికి అన్ని చీటీలూ ఒకటే. ఇలాంటి కాయితాలన్నీ ఆ డబ్బాలో ఉంటాయని మాత్రం తెలుసు. పారేస్తే తప్పు కదా అని, నేల మీద దొరికినవన్నీ ఏరి డబ్బాలో వేసేదాన్ని. జాగ్రత్త గల మనిషిననుకున్నాను.

ఆ తలుపు పక్క అరలో ఉండేది నీలం అట్ట పుస్తకం. మన సముద్రం ఒడ్డు ఊళ్ళ కథలు, రిటైరైన ఒక పంతులుగారు రాసి సొంతంగా అచ్చు వేయించుకున్నారు. సన్నటి పుస్తకం, నున్నటి కాయితం. చీటీ అందులో నిలిచేది కాదు. లావుపాటి గైడ్లలో చీటీ గట్టిగా పట్టుకునేది, ఇందులోంచి జారిపోయేది.

నేను చేరిన రెండు నెలలకి ఆ పుస్తకం బోర్డు మీద అయిదో పేరైంది. తర్వాత మూడో పేరు. వానాకాలం వచ్చేసరికి మొదటిది.

బాబుగారి సంతోషం చూడాలి. వచ్చేవాళ్ళు అడిగేవి వేరే. అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే కుర్రాళ్ళు గుమ్మంలోనే నిలబడి, "సార్, కానిస్టేబుల్ కొత్త సిలబస్‌ది వచ్చిందా?" అనేవారు. లేకపోతే బ్యాంకు పరీక్షలది, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, తొందరగా డబ్బున్నవాడు కావడం ఎలా అనేది. అవి తీసుకుని చెప్పులు విప్పకుండానే పోయేవారు. అలాంటి షాపులో ఒక కథల పుస్తకం అన్నిటికన్నా ముందుందంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎవరొచ్చినా బోర్డు చూపించేవారు.

"చూశారా? మనవాళ్ళు కథలు చదవరంటారు. చదువుతున్నారు. మన ఒడ్డు కథలైతే చదువుతున్నారు!"

డబ్బు తక్కువొస్తే అనుమానం రాలేదా అని మీరు అడగొచ్చు. రాదు. డబ్బుల్లేని పిల్లలకి ఆయన పుస్తకాలు ఊరికే ఇచ్చేసేవారు. ఏ నెలా సరిపోయింది లేదు. సరిపోతే అప్పుడు ఆశ్చర్యపోయేవారు.

నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఒక సోమవారం బోర్డు రాస్తూ, నేను వెనక నిలబడి చూడటం గమనించారు.

"ఏమ్మా, చదువుతావా?"

"ముసిలి వయసులో నాకేటి సదువు బాబుగారూ?"

"నా కన్నా చిన్నదానివి. రా. ఇది 'క'. కానిస్టేబుల్."

అలా నాకు 'క' కానిస్టేబుల్ గైడులో వచ్చింది. 'బ' బ్యాంకులో, 'ఇ' ఇంగ్లీషులో. వారం వారం బోర్డు మారితే కొత్త అక్షరాలు వచ్చేవి. పచ్చళ్ళ పుస్తకం ఎక్కిన వారం 'చ' కింద చ వత్తు నేర్చుకున్నాను. పలక లేదు, పెద్దబాలశిక్ష లేదు. ఏ పుస్తకం బాగా పోతే అదే నా పాఠం. నీలం పుస్తకం పేరు ప్రతి వారం ఉండేది గనక, నేను గడగడా చదవగలిగిన మొదటి మాట అదే. బాబుగారు నవ్వేవారు. "ఈ వారం ఒకటో నంబరు ఎవరమ్మా?" అనేవారు. నేను బడిపిల్లలా గట్టిగా చెప్పేదాన్ని. అది చెప్పేటప్పుడు ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు తలుచుకోవాలంటే సిగ్గేస్తుంది.

ఆయనకి ఒక్కతే కూతురు. పెందుర్తిలో ఉంటుంది, స్కూల్లో పాఠాలు చెబుతుంది. మంచి మనిషే. ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. నేను లోపల గదిలో కట్టలు విప్పుతున్నాను, అన్నీ వినపడుతున్నాయి.

"నాన్నా, మోకాళ్ళ ఆపరేషన్‌కి డాక్టరు డేట్ ఇచ్చాడు. వచ్చే నెల. ఆ తర్వాత మీరు షాపుకి రాలేరు. మూసేద్దాం."

"బాగా నడుస్తున్న షాపు ఎందుకు మూస్తానే?"

"ఏం నడుస్తోంది? మీ దగ్గరికి వచ్చేవాళ్ళంతా గైడ్ల కోసం వస్తారు. అవి ఫోన్లో నొక్కితే ఇంటికే వస్తాయి."

"బోర్డు చూడు."

"బోర్డు రాసింది మీరే కదా."

"నేను రాసేది సుద్దతో. ఆ చీటీలు మాత్రం జనం వేసినవి."

ఆయన గొంతు పెంచి చెప్పారు. పంతులుగారి దగ్గర ఇంక కాపీలు లేవు. అందుకని తనే వెయ్యి కాపీలు అచ్చు వేయిస్తారు. ఆపరేషన్‌కి దాచింది దానికి పెడతారు. మోకాళ్ళు ఇంకో ఏడాది ఆగుతాయి. పుస్తకం పోయే వేడిలో ఉన్నప్పుడే వెయ్యాలి. పంతులుగారికి ఫోన్ చేసి చెప్పేశారు కూడా. పంతులుగారు ఫోన్లో ఏడ్చారట. సోమవారం పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళి డబ్బు కట్టేస్తారు.

"మీకు పిచ్చి పట్టింది నాన్నా," అని కూతురు లేచి వెళ్ళిపోయింది. పోతూ పోతూ నా వైపు చూసి, "కాస్త కనిపెట్టుకుని ఉండండమ్మా," అంది.

సాయంత్రం అయిదింటికి తలుపు పక్క అర దులపడానికి కూర్చున్నాను. నీలం పుస్తకం ఒకటి తీసి విదిలించాను. చీటీ రాలింది. అలవాటుగా తీసి డబ్బా వైపు లేస్తూ, ఊరికే, చదవడం వచ్చిందన్న సరదాకి, దాని మీద పేరు చదివాను.

బోర్డు మీద మొదటి పేరు అది.

ఇంకో పుస్తకం విదిలించాను. రాలింది. అదే పేరు. మూడోది. అదే పేరు. నా ఒళ్ళో మూడు చీటీలు పెట్టుకుని బోర్డు వైపు చూశాను. ముందు వరస పుస్తకాలు పక్కకి తోసి, అర లోపలికి చెయ్యి పెట్టాను.

గంపలో తాజా చేప పైన పెడతాం, నిన్నటిది కిందకి తోస్తాం. చేపలమ్మేవాళ్ళెవరైనా అంతే. కొత్త కట్ట వచ్చినప్పుడల్లా నేను అదే చేశాను. చీటీ ఉన్న కొత్తవి ముందు, చీటీ రాలిపోయిన పాతవి వెనక. వెనక వరసలో చీటీల్లేని నీలం పుస్తకాలు గోడకి ఆనుకుని బిగుసుకుపోయి ఉన్నాయి. వంగలేని బాబుగారికి ఎప్పుడూ ముందు వరసే కనపడింది. లెక్కపెట్టాను. కట్టలు విప్పి నేను సర్దినవి డెబ్బై. ఉన్నవి అరవై ఆరు. ఆ నాలుగు కూడా ఆయనే ఎవరికో ఊరికే ఇచ్చినవి, నా కళ్ళ ముందే.

జనం వెయ్యలేదు ఆ చీటీలు. నేను వేశాను.

బాబుగారు కుర్చీలోంచి పిలిచారు. "ఏమ్మా, కింద కూర్చుండిపోయావు? నడుం పట్టేసిందా?"

లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఆయన బల్ల మీద ఒక కాయితం పరిచి కొత్త అట్టకి బొమ్మ గీసుకుంటున్నారు. తెరచాప పడవ. వంకరగా వచ్చింది.

"చూడు, నువ్వు చెప్పాలి. పడవ ఇలాగే ఉంటుందా?"

"ముందు కొమ్ము ఇంకా పైకి లేవాలి బాబుగారూ," అన్నాను.

దిద్దుకున్నారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వొచ్చాకే కదమ్మా ఈ పుస్తకం కదిలింది. నీ చెయ్యి మంచిది," అన్నారు.

చెప్పాల్సింది చెప్పకుండానే, ఆ మూడు చీటీలు కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆదివారం షాపు ఉండదు. తాళాలు నా దగ్గరే ఉంటాయి. పొద్దున్నే వెళ్ళి పది నీలం పుస్తకాలు తీశాను. నిజంగా అమ్మేస్తే అబద్ధం నిజమైపోతుంది కదా అని ఒక వెర్రి ఆలోచన. పాత గంపలో పెట్టుకుని ఒడ్డుకి పోయాను. పడవలు వచ్చి, వేలం అయిపోయి, ఆడవాళ్ళు నీడన కూర్చుని చిన్న చేపలు ఏరుతున్నారు. నాతో ఇరవై ఏళ్ళు గంప మోసినవాళ్ళు.

"ఒలే, మళ్ళీ గంప ఎత్తీసినావేటి? మెడ బాగైపోనాదా?" అంది నాకు వదిన వరసయ్యే ఒకామె.

"సేపలు కావు ఒదినా. పుస్తకాలు."

"ఓలమ్మో! పుస్తకాలమ్ముతాదంట! తూకానికా, వాటాకా?"

"పులుసుకి బాగుంటాయా, ఏపుడికా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాలి గానీ రాలేదు. "మన కతలే ఇయ్యి. ఒకటి సదువుతాను, ఇనండి," అన్నాను.

నేను చదువుతానంటే ఎవరూ నమ్మలేదు. ఇసకలో కూర్చుని తెరిచాను. గాలివాన రోజు పడవలు తిరిగి రాకపోతే, ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎలా కూర్చున్నారో ఆ కథ. నెమ్మదిగా, తడుముకుంటూ, ఒక్కో మాట దగ్గర ఆగుతూ చదివాను. సగానికి వచ్చేసరికి చేపలు ఏరే చేతులు ఆగిపోయాయి. ముసలావిడ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలాంటి ఒక గాలివానకే ఆమె పెనిమిటి తిరిగి రాలేదు.

కథ అయ్యాక పుస్తకం మూశాను.

"ఈయనకెలా తెలిసిందే మన సంగతి?" అంది వదిన.

"తీసుకుంటావా ఒదినా? ఒక్కటి."

"నానేటి సేసుకోను? నాకు సదువొచ్చా? నువ్వు సదివినావు, ఇన్నాను. సాల్లే."

ఒక్కొక్కరినీ అడిగాను. బతిమాలాను. జీవితంలో చేప అమ్మడానికి కూడా అంత బతిమాలలేదు. పుస్తకం చేతిలోకి తీసుకుని, తడి చేత్తో అట్ట ముట్టుకుని, తిరిగి ఇచ్చేశారు. కోపం లేదు వాళ్ళకి. వదిన మాత్రం నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"మీ షాపులో కానిస్టేబులు పుస్తకం ఉంటాదట గదా. మా పెద్దోడు రాత్తాడంట. అదొకటి తేయే. డబ్బులిచ్చీత్తాను."

పది పుస్తకాలూ గంపలో పెట్టుకుని వచ్చేశాను. ఇంటి ముందు మా ఆయన వల బాగుచేస్తున్నాడు. ఆయనకి మొత్తం చెప్పేశాను. దారం నోట్లో పెట్టుకుని విన్నాడు.

"సెప్పకు," అన్నాడు.

"సెప్పకపోతే రేపు పొద్దున్నే డబ్బు కట్టీత్తారు మావా. కాళ్ళ ఆపరేషన్ డబ్బు."

"ఆయన డబ్బు, ఆయనిట్టం. సెప్తే ఏటౌద్ది? నువ్వే కావాలని సేసినావంటారు. పని పోద్ది. నీ మెడకి ఇంకే పని ఇత్తారు?"

"పని పోతే పోయింది. సదువు కూడా పోద్ది," అన్నాను.

ఆయన వల పక్కన పెట్టాడు. "ఆ పెద్దాయన సంతోసంగా ఉన్నాడా లేదా?"

"ఉన్నారు."

"మరింకేటి? ఉండనీ."

అదే నన్ను చంపేసింది. బాబుగారు సంతోషంగా ఉన్నారు. ఆయన్ని అంత సంతోషపెట్టింది ఇంకేదీ లేదు. వెయ్యి పుస్తకాలు వస్తాయి. వాటిని నేనే అరలో సర్దుతాను. నేను విదిలిస్తేనే చీటీలు రాలతాయి. విదిలించడం మానేస్తే ఒక్క చీటీ కూడా పడదు. ప్రతి సోమవారం ఆయన డబ్బా బోర్లిస్తారు, నీలం పుస్తకం దొంతర ఉండదు. వెయ్యి పుస్తకాల మధ్య, నడవలేని కాళ్ళతో, ఏం జరిగిందో అర్థంకాక కూర్చుని ఉంటారు. లేదా ఆయన బతికున్నన్నాళ్ళూ నేను తెలిసి తెలిసి చీటీలు వేస్తూ ఉండాలి. అది కూడా ఆలోచించాను. వెయ్యగలనా అని నిజంగానే ఆలోచించాను.

సాయంత్రం వెలుగుండగా గుమ్మంలో కూర్చుని, కొంగులోని చీటీ ఒకటి తిరగేసి, దాని వెనక రాయడానికి చూశాను. అప్పటిదాకా నేను బోర్డు మీద పేర్లు చూసి రాసుకున్నాను గానీ, నా అంతట నేను ఒక మాట కూర్చి రాసింది లేదు. రెండు మాటలు రాసి కొట్టేశాను. మూడు చీటీలూ అలాగే ఖరాబయ్యాయి.

మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్ళి షట్టరు ఎత్తాను. ఆయన ఎనిమిదింటికి వస్తారు, వచ్చి బోర్డు రాశాక ప్రెస్సుకి పోతారు. తలుపు పక్క అరలోంచి ముందు వరస, వెనక వరస, గంపలోవి పది, అన్నీ తీశాను. వాటిని నేల మీద పెట్టలేదు. ఆయన వంగలేరు. ఆయన కుర్చీ ఎదురుగా, బల్ల మీద, కూర్చుంటే కళ్ళకి ఎదురుగా ఉండేలా దొంతరలు పెట్టాను. అరవై ఆరు. పడవ బొమ్మ కాయితం నలక్కుండా తీసి సొరుగులో పెట్టాను.

తర్వాత బోర్డు మీద మొదటి పేరు తడిగుడ్డతో తుడిచేశాను. మిగతా నాలుగూ ఉంచాను. ఆ ఖాళీలో సుద్దతో రాశాను. పెద్ద అక్షరాలతో, ఒక్కొక్కటీ ఆగి ఆగి.

'ఈ పుస్తకం ఒక్కటి కూడా అమ్మలేదు. చీటీలు రాలితే నేను డబ్బాలో వేసాను. ప్రెస్సుకి ఎల్లొద్దు.'

షట్టరు తాళాలు దొంతర మీద పెట్టాను. ఎనిమిదింటికి ఇంకా చాలా సేపుంది. పారిపోదామా అనిపించింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ధూళి పడుతూనే ఉంది. పొడిగుడ్డ తీసుకుని, బల్ల మీదున్న నీలం అట్టల్ని ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాను. తెరవకుండా, విదిలించకుండా.